కారణం అనే గడి

మా విమానాశ్రయం కొండ కడుపులో ఉండేది.
ప్లెషెవిత్సా అంటారు ఆ కొండని.
బయట జూన్ ఎండ కాస్తున్నా
లోపల ఏడాది పొడవునా ఒకటే చలి.
సామాను గదిలో గుమస్తాని నేను.
పైలట్లు పోగొట్టినవీ చింపినవీ తిరిగిచ్చినవీ
రిజిస్టర్లో ఎక్కించడం నా పని.
తెగిన పట్టీ, పగిలిన అద్దం,
ఎలకలు కొరికిన పారాచూట్ సంచీ,
పద్నాలుగేళ్ళలో నేను ఎక్కించనిది లేదు.
ప్రతి వరసకీ చివర ఒక చిన్న గడి: కారణం.

ఆ మంగళవారం ఎనిమిదిన్నరకి యెర్నేయ్ వచ్చాడు.
నిండు పాలగిన్నె దించినట్టు
హెల్మెట్‌ని బల్ల మీద పెట్టాడు.
తరవాత చేతి తొడుగులు. తరవాత
మోకాలికి కట్టుకునే పటం సంచీ, ఖాళీది.
"పాడైందా?"
"లేదు మునీరా, బాగానే ఉంది."
"బిగుతా?"
"సరిపోయింది."
"మరి ఏం రాయను?"
నా పెన్సిలు మొన వైపే కాసేపు చూశాడు.
"రాత్రి చూపించిన పటంలో ఒక వంతెన ఉంది.
దాని కింద ఈత నేర్చుకున్నాను...
వద్దు, అది రాయకు.
ఎవరి ఊరి వంతెనైనా నేను ఇదే చేసేవాణ్ణని
అనుకోవాలని ఉంది నాకు."

అతని వెనకాలే వాంచో,
మాసిడోనియా మిరపకాయలు అందరికీ పంచే మనిషి.
నవ్వుతూనే ఉన్నాడు.
వేళ్ళు మాత్రం
ఎప్పుడో పెట్టేసిన గుండీల్ని మళ్ళీ వెతుకుతున్నాయి.

మూడోవాడు రాడివోయ్. దూరంగా, సావా నది అవతల
మొక్కజొన్న చేల మధ్య పుట్టాడు.
"ఆ పటంలో నాదంటూ ఏదీ లేదు" అన్నాడు.
"అందుకే భయమేసింది,
నా చెయ్యి వణకదేమోనని."

నాలుగోవాడు మిర్సాద్. హెల్మెట్ ఇచ్చాడు,
ఏమీ చెప్పలేదు, సంతకం పెట్టి వెళ్ళాడు.
మూడు గంటలకి మళ్ళీ వచ్చాడు.
గుమ్మంలోనే నిలబడ్డాడు.
సైన్యం ఇచ్చిన రెండు గదుల ఇల్లు అతనిది,
భార్యకి ఏడో నెల.
అడక్కముందే అలమర నుంచి తీసిచ్చాను.
లోపలి తోలు ఇంకా తడిగానే ఉంది.
గడిలో రాశాను: కొలత సరిచూడటానికి.
ఆ పుస్తకంలో నేను రాసిన అబద్ధం అదొక్కటే.

చీకటి పడ్డాక కర్నల్ వచ్చి
వరసల వెంట వేలు నడిపించాడు.
"ఈ మూడు గడులూ ఖాళీగా ఉన్నాయేం?"
"గడి చిన్నది, కామ్రేడ్ కర్నల్."
అతను నన్ను కొడతాడనుకున్నాను.
కుర్చీ లాక్కుని కూర్చున్నాడు, నీళ్ళడిగాడు,
తాగకుండానే లేచి వెళ్ళిపోయాడు.

ముగ్గుర్నీ జీపెక్కించారు.
పొద్దున దాకా వాళ్ళకి సెల్యూట్ కొట్టిన కుర్రాళ్ళే
తుపాకులు పట్టుకుని అటూ ఇటూ కూర్చున్నారు.
మిగతా విమానాలు లేచాయి.
ఒక్కొక్కటి సొరంగం దాటినప్పుడల్లా
అలమరలు అదిరేవి,
పై అరలో మూడు హెల్మెట్లు
ఒకదానికొకటి తగిలి డొల్లగా మోగేవి.
మధ్యలో గుడ్డలు కుక్కాను.
వాళ్ళు ఎగరనంత మాత్రాన యుద్ధమేం ఆగలేదు.
ఆగుతుందని వాళ్ళూ అనుకోలేదు.
ఆ వంతెన ఏమైందో నాకు తెలీదు.

తరవాతి ఏడు ఆ కొండ కడుపుని
తవ్వినవాళ్ళే పేల్చేశారు.
ముట్టడి చలికాలం బిహాచ్‌లో
నా రిజిస్టరు పొయ్యిలోకి పోయింది,
కుర్చీ కాళ్ళ తరవాత, చెక్క చెంచాల కంటే ముందు.
ఆ పేజీ కూడా.
అందరి పేజీల్లాగే కాలింది.
దాని మీద ఒక గిన్నెడు నీళ్ళు కాగాయి.

చాలా ఏళ్ళకి ఉనా నది ఒడ్డున
ఎవరో గాలం వేసుకు కూర్చుంటే
మెడ చూసి పోల్చాను, మిర్సాద్.
పక్కన పదేళ్ళ పిల్ల
డబ్బాలో వానపాముల్ని లెక్కపెడుతోంది.
కొంచెం జరిగి నాకు చోటిచ్చాడు.
నీళ్ళు పచ్చగా, చల్లగా పోతున్నాయి.
ఆ రోజు సంగతి అతనెత్తలేదు.
కొలత సరిపోయిందా అని
నేనూ అడగలేదు.